పలకని అక్షరం

మా ఫారో భాషలో ఒక అక్షరం ఉంది.
రాస్తాం, పలకం.
అరసున్న లాంటిది.
మా దీవి సూవురోయ్ పేరులో ఉంది,
తాత ఎయ్యున్ పేరులో ఉంది,
అమ్మ పేరులో రెండుసార్లు ఉంది.

కోపెన్‌హాగన్ ఆసుపత్రిలో
అమ్మ మణికట్టుకి కట్టిన పట్టీ మీద మాత్రం లేదు.
వాళ్ళ మిషను దాన్ని ‘డి’ చేసింది.
ఫ్రిడ్‌గెర్డ్! అని పిలిచింది నర్సు,
ముద్దుగానే,
రెండుసార్లు.
అమ్మ పలకలేదు.
మూడోసారి పలికింది.
గుండె బాగుచేసే వాళ్ళతో
అక్షరాల గొడవేమిటే, అంది తరవాత నాతో.

విమానం టికెట్టు, మంచం, పూటపూటా సూపు,
అన్నీ వాళ్ళ ఖజానాలోంచే.
ఇదీ రాయాలి.
ఇది దాచి మిగతాదంతా రాస్తే
నాకంటే అబద్ధాలకోరు ఉండదు.

నలభై ఆరులో ఓటు పెట్టారు.
తాతకప్పుడు ఇరవై తొమ్మిది.
యుద్ధమంతా మంచుగడ్డల్లో చేప పెట్టుకుని
మందుపాతరల నీళ్ళ మీద బ్రిటన్‌కి మోసినవాడు.
ఇద్దరు తమ్ముళ్ళు తిరిగి రాలేదు.
ఆ ఐదేళ్ళూ డెన్మార్క్ జర్మన్ల చేతిలో ఉంది,
మేం మా చేతుల్లో మేం ఉన్నాం,
మునిగినా మాదే, తేలినా మాదే.
కాగితం మీద రెండే దారులు:
వాళ్ళిస్తామన్న ఏర్పాటు,
లేదా తెగదెంపులు.
తాత రెండూ కొట్టేసి
అడుగున పెన్సిలుతో రాశాడట:
‘తమ్ముళ్ళని అడిగి చెబుతాను.’

విడిపోదామన్నవాళ్ళు గెలిచారు,
నూట అరవై ఒక్క ఓట్లతో.
చెల్లని ఓట్లు అంతకంటే ఎక్కువ.
ఆఖరికి ఆ గెలుపూ చెల్లలేదు.

నిన్న రాత్రి వంటింట్లో
మా మేనల్లుడు హ్యాల్గ్రిమ్ బల్ల గుద్దాడు:
వేరు కుంపటి పెట్టాల్సిందే!
చేప మనది, చేపున్న నీళ్ళు మనవి,
ఏటేటా వాళ్ళు పంపే డబ్బు తీసుకున్నప్పుడల్లా
నాలిక కొంచెం కొంచెం అరుగుతోంది.

పిన్ని సున్వోర్ ఊలు కండె వదల్లేదు.
దూరపు కొండలు నునుపు నాయనా, అంది.
రెండు గంటల ఫెర్రీ దూరంలో
టోర్స్‌హావ్న్ ఉంది కదా,
పోయిన చలికాలం ఆ ఫెర్రీ ఆపినప్పుడు
మనల్నెవరైనా అడిగారా?
వాళ్ళు డెన్మార్క్‌ని వదిలితే
సూవురోయ్ వాళ్ళని వదలాలి,
తరవాత సూవురోయ్‌ని మన ఊరు,
ఊరిని నేను.
నాకూ ఒక జెండా అల్లుకుంటానులే,
ఊలు మిగిలితే.

అందరం నవ్వాం.
హ్యాల్గ్రిమ్ నవ్వలేదు.
వాడు నవ్వకపోవడం నాకు నచ్చింది.

నా మాట అడిగితే,
ఎవరూ అడగలేదనుకోండి,
చేపల ఫ్యాక్టరీలో ముల్లు తీసేదాన్ని,
విడిపోవాలనే అంటాను.
వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు.
చెడ్డవాళ్ళయితే ఎప్పుడో తేలిపోయేది.
వేరు కాపురంలో
కూర మాడితే తిట్టుకోడానికి అత్త ఉండదు.
ఆ భయమే నన్ను అటు లాగుతోంది.
అమ్మ గుండెకి మళ్ళీ ఏమైనా అయితే?
ఆ మాట దగ్గరే ప్రతిసారీ
నా చేతిలో కత్తి ఆగిపోతుంది,
చేప సగం విప్పి ఉంటుంది.

అమ్మ అంతసేపూ ఏమీ అనలేదు.
సొరుగులోంచి ఆ ఆసుపత్రి పట్టీ తీసింది.
ఇంకా దాచుకుందని నాకు తెలీదు.
బాల్‌పెన్ను నాలిక మీద తడిపి
పేరులోని రెండు ‘డి’ల మెడలకీ
అడ్డంగా చిన్న చిన్న గీతలు పెట్టింది.
మళ్ళీ మా అక్షరం అయింది.

పలకక్కర్లేదు,
ఉందని తెలిస్తే చాలు, అంది.

చాలదు, అన్నాడు హ్యాల్గ్రిమ్.

పొయ్యి మీద బంగాళాదుంపలు
అడుగంటుతున్న వాసన.
అందరికీ వచ్చింది.
ఎవరం లేవలేదు.